పేరు ఒకటి, కొలత మరొకటి: ఆర్య, ద్రావిడ, సెమిటిక్ మాటలకు పట్టిన గతి

సభలో ఉన్న పెద్దలకీ, విద్యార్థులకీ నమస్కారం.

నాకిచ్చిన అంశం చాలా పెద్దది. గంటలో అంతా చెప్పలేను కాబట్టి ఒక్క విషయం పట్టుకుని నడుస్తాను. ఆర్య, ద్రావిడ, సెమిటిక్, హామిటిక్ లాంటి పాత పేర్లతో మనుషుల్ని పుట్టుకని బట్టి విడదీసిన చోటల్లా, పైకి చెప్పిన కొలత వేరు, చేతిలో ఉన్న కొలత వేరు. పైకి రక్తం అంటారు. తీరా చూస్తే చేతిలో చర్చి రిజిస్టరు ఉంటుంది, లేదా గుర్తింపు కార్డు, లేదా ముక్కు కొలిచే పరికరం. ఆ రెండోది ఏమిటో అడిగితే చాలు, మొదటి మాట ఎంత బోలుదో తెలిసిపోతుంది.

ఇంకో మాట. తెలుగులో 'జాతి'ని మనం దేనికైనా వాడేస్తాం. తెలుగు జాతి, భారత జాతి, మేలుజాతి కుక్క. ఇవాళ్టికి ఆ గొడవ లేకుండా, శరీరాన్ని బట్టి మనుషుల్ని ఎక్కువ తక్కువ మెట్ల మీద పెట్టే ఊహని 'రేస్' అనే అంటాను.

ముందు ఆర్య సంగతి. తమని తాము అలా పిలుచుకున్నవాళ్లు రెండు చోట్ల కనిపిస్తారు, ఇరాన్‌లో, ఇక్కడ. క్రీ.పూ. 500 ప్రాంతంలో పారసీక చక్రవర్తి డరియస్ నక్ష్-ఎ-రుస్తం కొండలో తొలిపించుకున్న సమాధి మీద తనని పారసీకుడిగా, పారసీకుడి కొడుకుగా, ఆర్యుడిగా, ఆర్య సంతతివాడిగా చెప్పుకున్నాడు. ఇరాన్ అన్న పేరు కూడా ఆ మాటలోంచి వచ్చిందే. అందులో వంశగర్వం ఉంది, లేదని బుకాయించక్కర్లేదు. కానీ అది ఒక రాజు తన జనానికి చెప్పుకున్న పేరు. అందులో జర్మనీకీ, ఐర్లాండుకీ చోటు లేదు.

మన వైపు ఋగ్వేదంలో ఆర్యుడంటే ఆ దేవతల్ని కొలిచేవాడు, ఆ యజ్ఞం చేసేవాడు, ఆ మాట మాట్లాడేవాడు. తర్వాత అర్థం ఇంకా సాగింది. బుద్ధుడి ఆర్యసత్యాల్లో అది 'ఉదాత్తమైన' అని మాత్రమే. సంస్కృత నాటకాల్లో భార్య భర్తని 'ఆర్యపుత్రా' అంటుంది, అది మర్యాద పిలుపు.

కౌటిల్యుడి అర్థశాస్త్రం దగ్గర కాస్త ఆగాలి. మూడో అధికరణంలో దాసుల మీద ఒక అధ్యాయం ఉంది. 'ఆర్యుడికి దాస్యం లేదు' అన్న వాక్యం అక్కడిదే. మరి అక్కడ ఆర్యుడంటే ఎవరు? యుక్తవయసు రాని పిల్లవాణ్ణి సొంత బంధువులే అమ్మినా, తాకట్టు పెట్టినా జరిమానా వేయమంటాడు. శూద్రుడి పిల్లవాడైతే 12 పణాలు, వైశ్యుడైతే 24, క్షత్రియుడైతే 36, బ్రాహ్మణుడైతే 48. ఈ హెచ్చుతగ్గులు వర్ణవ్యవస్థవే, దాన్ని ముద్దు చేయాల్సిన పని లేదు. కానీ శూద్రుడు ఆర్యుల లెక్కలోనే ఉన్నాడు, చూడండి. అదే అధ్యాయంలో ఇంకో సూత్రం: దాసుడు తన వెల చెల్లిస్తే మళ్లీ ఆర్యత్వం పొందుతాడు. సొమ్ము కట్టి విడిపించుకోగలిగినదాన్ని రక్తం అని ఎలా అంటాం? అది చట్టం ఇచ్చే హోదా. స్వతంత్రుడు అని అర్థం.

మనుస్మృతి పదో అధ్యాయం 45వ శ్లోకం ఇంకా సూటిగా ఉంటుంది. నాలుగు వర్ణాలకు బయట ఉన్నవాళ్లు మ్లేచ్ఛభాష మాట్లాడినా, ఆర్యభాష మాట్లాడినా సరే, అందరూ దస్యులే, అంటే పరాయివాళ్లే అంటుంది. అంటే మనువు దృష్టిలో భాష కూడా గీటురాయి కాదు, ఆచారమే గీటురాయి. దానికి ముందు శ్లోకంలో ద్రావిడుల ఊసు ఉంది. కర్మలు మానేసి దిగజారిన క్షత్రియుల జాబితాలో యవనులు, శకులు, చీనులతో పాటు ద్రావిడుల్ని కలిపాడు. ఆర్య ద్రావిడులు రెండు వేరు రేస్‌లనే ఊహ ఆయనకుంటే అలా రాసేవాడు కాదు. దీన్ని మెచ్చుకోలుగా చెప్పడం లేదు. మనువు మనుషుల్ని తొక్కిన పద్ధతి వేరు, దాన్ని ఆ పద్ధతిగానే చదవాలి.

మన పేరు సంగతీ చూద్దాం. ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రులు పుండ్ర, శబర, పుళింద, మూతిబులతో కలిసి వస్తారు. విశ్వామిత్రుడి శాపం తగిలి పొలిమేరల్లో బతికే కొడుకుల సంతానం అట. శాపగ్రస్తులే, కానీ విశ్వామిత్రుడి సంతానమే! 'ఆంధ్రులు ఆర్యులని వేదంలోనే ఉంది' అనేవాళ్లూ, 'ఆంధ్రులు ఆర్యులు కారని వేదంలోనే ఉంది' అనేవాళ్లూ ఇదే వాక్యం చూపిస్తారు. (నవ్వులు)

ఇక ద్రావిడ. పాత వాడుకలో ఇది ప్రధానంగా ప్రాంతం పేరు, అందులోనూ తమిళ దేశం. తెలుగు బ్రాహ్మణుల్లో 'ద్రావిడులు' అని ఒక శాఖ ఉంది, తమిళ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లని. పంచద్రావిడులు అనే పాత విభజనలో తెలుగు, తమిళ, కన్నడ బ్రాహ్మణులతో పాటు మహారాష్ట్రులు, గుజరాతీలు కూడా ఉన్నారు. వింధ్యకి దక్షిణం, ఉత్తరం అన్నది అక్కడి గీత, అదీ గుజరాత్ దగ్గర కాస్త వంకర పోయింది. ఇవాళ మరాఠీ ఇళ్లలో 'ద్రావిడ్' అన్న ఇంటిపేరు కనబడితే వింత పడక్కర్లేదు.

ఈ పేర్లు భాషాకుటుంబాల పేర్లు కావడం గత రెండున్నర శతాబ్దాల ముచ్చట. 1786 ఫిబ్రవరి 2న కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలన్నాడు. ఆ మాట అందరికీ తెలుసు. తెలియాల్సినంతగా తెలియనిది మద్రాసు కథ. అప్పటికి దక్షిణాది భాషలన్నీ సంస్కృతం బిడ్డలే అనుకునేవారు. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చు వేసిన విలియం కేరీదీ అదే అభిప్రాయం. 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి మద్రాసులో కంపెనీ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ ఒక వ్యాసం జోడించి దాన్ని తోసిపుచ్చాడు. తెలుగు ధాతువుల్ని తమిళ, కన్నడ ధాతువుల పక్కన వరుసగా పెట్టి చూపించాడు. ఆయనకు ఆధారం ఎవరు? ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీలో ధాతువుల జాబితా కట్టిన పట్టాభిరామశాస్త్రి, బందరులో ఆంధ్రదీపిక నిఘంటువు చేసిన మామిడి వెంకయ్య. తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని మన వ్యాకర్తలు ఎప్పుడో చేసిన విభజనలో దేశ్యం గుట్టు విప్పితే చాలు, నీరు, కన్ను, చెయ్యి లాంటి మాటలు ఏ ఇంటివో తెలుస్తుంది. ఆ వ్యాసంలో ఎక్కడా రక్తం లేదు, రంగు లేదు. ధాతువులున్నాయి, ప్రత్యయాలున్నాయి. శాస్త్రం అంతవరకే.

నలభై ఏళ్ల తర్వాత, 1856లో, బిషప్ కాల్డ్వెల్ ఆ కుటుంబానికి ద్రావిడ అని పేరు ఖాయం చేశాడు. పాత మీమాంస పండితుడు కుమారిలభట్టు 'ఆంధ్రద్రావిడభాషా' అన్న ప్రయోగాన్ని ఆధారం చేసుకున్నాడు. వ్యాకరణంగా అది గొప్ప పుస్తకం. కానీ ఆయన వ్యాకరణం దగ్గర ఆగలేదు. ద్రావిడుల శరీర లక్షణాలు, మతం, ఎవరు ముందు వచ్చారు, ఎవరు తర్వాత వచ్చారు, అన్నీ ఎత్తుకున్నాడు. జారుడు మొదలయ్యేది ఇక్కడే. భాషకి పూర్వీకురాలు ఉందని రుజువైతే, ఆ భాష మాట్లాడేవాళ్లందరికీ ఒకే పూర్వీకుడు ఉన్నాడని రుజువైపోదు. బలూచిస్తాన్‌లో బ్రాహుయీలది ద్రావిడ భాష. రూపంలో పక్కనున్న బలూచీల్లానే ఉంటారు. మనకి దగ్గరగా చెప్పాలంటే, భద్రిరాజు కృష్ణమూర్తిగారి వర్గీకరణలో తెలుగు ఉన్నది గోండి, కోయ, కొండ, కువి భాషలున్న కొమ్మ మీద. తమిళం, కన్నడం ఉన్నది వేరే కొమ్మ. భాషనే బంధుత్వం అనుకుంటే ముందు ఆదిలాబాద్ గోండు గూడేనికి వెళ్లి వరస కలపాలి. 'ద్రావిడ రక్తం' అని ఛాతీ చరుచుకునేవాళ్లు ఎవరూ అంత దూరం వెళ్లినట్టు లేదు.

ఇప్పుడు ముక్కుల దగ్గరికి. ఋగ్వేదం ఐదో మండలం, 29వ సూక్తం, పదో ఋక్కులో దస్యుల్ని 'అనాస' అన్నారు. ఈ మాట ఋగ్వేదం మొత్తంలో ఒక్కసారే వస్తుంది. పాత వేదభాష్యకారుడు సాయణుడు దీన్ని అన్-ఆస అని విడగొట్టి, ఆస్యం అంటే నోరు లేనివాళ్లు, మాట రానివాళ్లు అన్నాడు. పందొమ్మిదో శతాబ్దపు సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ అ-నాస అని విడగొట్టి ముక్కు లేనివాళ్లు అన్నాడు. వ్యాకరణం రెండిటికీ ఒప్పుకుంటుంది. కానీ అదే ఋక్కులో తర్వాతి పాదం చదివితే 'మృధ్రవాచః' అని ఉంటుంది, మాట సరిగా లేనివాళ్లు అని. పక్క మాట వాక్కు గురించి ఉంటే ఇది ముక్కు గురించి ఎందుకవుతుంది? 'వాళ్ల మాట మనకి అర్థం కాదు' అన్న ఫిర్యాదు 'వాళ్ల ముక్కు చప్పిడి' అన్న వర్ణన అయిపోయింది.

హెర్బర్ట్ రిస్లీ దీన్ని అందుకున్నాడు. 1901 జనాభా లెక్కలకి కమిషనర్ ఆయనే. వేదంలో ముక్కుల ప్రస్తావన మాటిమాటికీ వస్తుందన్నట్టు రాశాడు. ఉన్నది ఒక్క మాట, అదీ సందేహం. ఆయన కొలత నాసికా సూచిక. ముక్కు వెడల్పుని నూరుతో గుణించి, ఎత్తుతో భాగించాలి. 70 లోపు సన్నముక్కు, 70 నుంచి 85 దాకా మధ్యరకం, 85 దాటితే వెడల్పు ముక్కు. ముక్కు ఎంత సన్నమైతే కులం అంత పైన అని ఆయన సూత్రం.

ఇందులో ఏం తప్పుతుందో లెక్క వేసి చూడండి. ముక్కు ఎత్తు 50 మిల్లీమీటర్లు, వెడల్పు 36. సూచిక 72, మధ్యరకం. వెడల్పు మిల్లీమీటరున్నర తక్కువ వచ్చిందా, 69 అయి 'సన్నముక్కు' అవుతుంది. బతికున్న మనిషి ముఖం మీద, చర్మం కింద ముక్కు ఎముక ఎక్కడ మొదలవుతుందో వేలితో తడిమి గుర్తు పెట్టాలి. ఇద్దరు కొలిస్తే మిల్లీమీటరున్నర తేడా రావడం పెద్ద వింత కాదు. పరికరం కాస్త గట్టిగా నొక్కితే రెక్కలు లోపలికి పోతాయి. పైగా ముక్కు వెడల్పుకి వాతావరణంతో సంబంధం ఉంది. వేడి, తేమ ఉన్న చోట్ల సగటున వెడల్పు ముక్కులు ఎక్కువ. అంటే రేస్ అనుకుని కొన్నిచోట్ల గాలిలో తేమని కొలిచారన్నమాట.

1932లో సామాజిక శాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే రిస్లీ లెక్కల్నే తిరగేసి, ఉత్తర హిందుస్థాన్ దాటితే ఆ కులక్రమం నిలవదని చూపించాడు. అంబేద్కర్ 1946లో శూద్రుల మీద రాసిన పుస్తకంలో అనాస పాఠాన్ని పట్టుకుని సాయణుణ్ణి కాదనే కారణం లేదన్నారు. 1948లో అంటరానివారి మీద రాసిన పుస్తకంలో అవే కొలతల్ని వాడి, ముక్కే ప్రమాణమైతే బ్రాహ్మణుడూ, అంటరానివాడూ ఒకే రేస్ అవుతారని తేల్చారు. ప్రత్యర్థి కత్తినే తీసుకుని వాడడం అది. కులాన్ని రేస్‌తో సమర్థిస్తే అన్యాయం ప్రకృతి నియమం అయి కూర్చుంటుంది, అందుకే ఆయనకి అంత పట్టుదల.

మాక్స్ ముల్లర్ కూడా 1888 నాటికి ఆర్య రక్తం, ఆర్య కళ్లు, ఆర్య జుట్టు అని మాట్లాడేవాళ్లని తప్పుపట్టాడు. పొడవు పుర్రె నిఘంటువు, గుండ్రటి పుర్రె వ్యాకరణం అన్నట్టుంటుందని వెక్కిరించాడు. అంతకుముందు అలాంటి మాటలు తనూ ఆడినవాడే. అప్పటికి వ్యవహారం చెయ్యి దాటింది. ఫ్రాన్స్‌లో గోబినో 1853-55లోనే మానవ రేస్‌ల అసమానత మీద సంపుటాలు వేశాడు. 1899లో, ఇంగ్లండులో పుట్టి జర్మన్ అయిన చాంబర్లేన్ దాన్ని జర్మన్ల కొలువుకి తెచ్చాడు. మన దగ్గర 1877లో బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ ఇంగ్లిషువాళ్ల రాకని ఆర్య కుటుంబంలో విడిపోయిన అన్నదమ్ముల కలయికగా వర్ణించాడు. పాలకుడితో చుట్టరికం ఎవరికి చేదు?

సెమిటిక్ గురించి క్లుప్తంగా. 1781లో జర్మన్ పండితుడు ష్లోజర్ బైబిల్లో నోవా కొడుకు షేము పేరుని భాషలకి పెట్టాడు. ఆదికాండం పదో అధ్యాయంలో కనాను, నోవా ఇంకో కొడుకైన హాముకి కొడుకు. కానీ కనానీయుల భాష హీబ్రూకి స్వయానా చెల్లెలు. ఏలాము షేము కొడుకు, కానీ ఏలామీయుల భాష సెమిటిక్ కాదు. పేరు పెట్టిన రోజే పుస్తకానికీ భాషకీ లంకె తెగింది. అయినా 1879లో జర్మనీలో పాత్రికేయుడు విల్హెల్మ్ మార్ 'యాంటీసెమిట్ల లీగ్' పెట్టాడు. అరబ్బీ, అమ్హారిక్, మాల్టీస్ మాట్లాడేవాళ్ల జోలికి అతను పోలేదు. గురి యూదులు. పాత మతద్వేషానికి భాషాశాస్త్రం కోటు తొడిగాడంతే.

1933 ఏప్రిల్ 7న జర్మనీలో నాజీల ప్రభుత్వోద్యోగాల చట్టం వచ్చింది. మూడో సెక్షను ప్రకారం 'ఆర్యేతరులు' ఉద్యోగం వదలాలి. నాలుగు రోజుల తర్వాత నిర్వచనం ఇచ్చారు: తల్లిదండ్రుల్లో గానీ, తాతల్లో, అమ్మమ్మ నాయనమ్మల్లో గానీ ఒక్కరు ఆర్యేతరులైనా చాలు, ముఖ్యంగా యూదుమతం వాళ్లైతే. ఆర్యత్వం నిరూపించుకోవడానికి కావలసిన కాగితాలు: తనది, తల్లిదండ్రులవి, నలుగురు తాతానాయనమ్మ అమ్మమ్మలవి కలిపి ఏడు జనన లేదా బాప్తిస్మ పత్రాలు, మూడు పెళ్లి పత్రాలు. నాజీ పార్టీ సాయుధ దళమైన ఎస్.ఎస్. వాళ్లకి 1800 జనవరి 1 దాకా, అధికారులకైతే 1750 దాకా వెనక్కి వెళ్లాలి. ఈ కాగితాలు ఎక్కడివి? ఎక్కువగా చర్చి రిజిస్టర్లలోవి. 1935 నవంబరు నిబంధన ఇంకా విడ్డూరం. తాత యూదు మతసంఘంలో ఉంటే చాలు, నిస్సందేహంగా యూదుడే. పుట్టుకతో జర్మన్ అయి, తర్వాత యూదుమతంలోకి మారిన తాతని కూడా మనవడి లెక్కలో యూదుడిగానే కట్టారు. రక్తం పేరు చెప్పి మతం కొలిచారు. రక్తాన్ని కొలిచే పరికరం వాళ్ల దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు.

1935 సెప్టెంబరు న్యూరెంబర్గ్ చట్టాల్లో 'ఆర్య' అన్న మాట కూడా వాడలేదు, 'జర్మన్ లేదా తత్సమాన రక్తం' అన్నారు. మాటకి కట్టుబడితే ఇరాన్‌వాళ్లు లోపలికి, వేరే కుటుంబం భాషలు మాట్లాడే హంగేరీ, ఫిన్లాండ్ వాళ్లు బయటికి పోవాలి. రాజకీయం అందుకు ఒప్పుకోదు.

అసలు చిక్కు, యూరప్‌లో జిప్సీలని పిలిచే రోమా జనంతో. జర్మనీలో తరతరాలుగా ఉంటూ నిఖార్సయిన ఇండో-ఆర్యన్ భాషని ఇళ్లలో మాట్లాడుకున్నవాళ్లు వీళ్లే. వాళ్ల మాటలు వినండి: నీళ్లు పానీ, మనిషి మనుష్, ఐదు పాంజ్, పది దేశ్, ముక్కు నఖ్, పన్ను దంద్. 1782లోనే రూడిగర్ అనే జర్మన్ పండితుడు ఈ భాష భారతదేశానిదని తేల్చాడు. నాజీలకి ఇది తెలుసు. 1936లో పెట్టిన పరిశోధన కేంద్రంలో రాబర్ట్ రిట్టర్ దీనికో దారి కనిపెట్టాడు. మూలంలో ఆర్యులే కావచ్చు, కానీ నూటికి తొంభైమంది కల్తీ అయిపోయారు, కల్తీ వల్లే నేరస్తులయ్యారు అన్నాడు. సిద్ధాంతం ఎటు తిరిగినా ఓడిపోకుండా చేసే ఎత్తు ఇదే. భాష సాక్ష్యం అనుకూలిస్తే రక్తానికి సాక్ష్యం, అనుకూలించకపోతే కల్తీకి సాక్ష్యం. 1942 డిసెంబరు 16న ఎస్.ఎస్. అధిపతి హిమ్లర్ ఉత్తర్వుతో వాళ్లని మరణశిబిరం ఆష్విట్జ్‌కి తోలారు. అక్కడ సుమారు 23 వేలమందిని పెడితే అత్యధికులు చనిపోయారు. 1944 ఆగస్టు 2 రాత్రి మిగిలినవాళ్లని గ్యాస్ గదులకి తీసుకెళ్లారు. ఇరవయ్యో శతాబ్దపు 'ఆర్య' రాజ్యం తన గడ్డ మీది ఆర్యభాషీయులకి చేసింది ఇది.

అమెరికా ముచ్చట ఒకటి చెప్పాలి, మనవాళ్లు చాలామంది అక్కడున్నారు కాబట్టి. అప్పట్లో వలస వచ్చినవాళ్లలో పౌరసత్వం 'తెల్లవారికి', ఆఫ్రికా సంతతికి మాత్రమే. 1922 నవంబరులో జపాన్‌కి చెందిన ఒజావా కేసులో సుప్రీంకోర్టు తెల్లవారంటే కాకేషియన్ రేస్‌వాళ్లు అని, అతనికి పౌరసత్వం లేదంది. అమృత్‌సర్ ప్రాంతం నుంచి వెళ్లి అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ తింద్, అయితే నేను ఆర్యుణ్ణి, కాబట్టి కాకేషియన్‌ని అన్నాడు. అగ్రకుల హిందువు ఇక్కడి ఆదివాసుల్ని అమెరికా తెల్లవాడు నల్లవాళ్లని చూసినట్టే చూస్తాడని కూడా ఆయన తరఫున వాదించారు. అది చదివితే తల దించుకోవాలి. 1923 ఫిబ్రవరి 19న ఒజావా తీర్పు రాసిన న్యాయమూర్తి సదర్లాండే, ఆర్య అన్నది భాషకి సంబంధించిన మాట, శరీరానికి కాదు అన్నాడు. ఎంత సరైన మాట! వెంటనే, తెల్లవాడెవరో మామూలు మనిషి చూపుకే తెలుస్తుంది, తింద్ తెల్లవాడు కాడు అని ముగించాడు. మూడు నెలల్లో కొలత మారింది, ఫలితం మారలేదు. అంతకుముందే పౌరసత్వం వచ్చిన భారతీయుల్లో పదుల మంది అది పోగొట్టుకున్నారు. 1946 చట్టంతో దారి తెరుచుకున్నా ఏడాదికి వందమందికే.

హాము పేరు మీద కట్టిన హామిటిక్ కథకి ఆఫ్రికాలో రక్తం ఇంకా ఆరలేదు. 1863లో స్పీక్ అనే అన్వేషకుడు తూర్పు ఆఫ్రికా సరస్సుల ప్రాంతపు పశుపాలకులు ఇథియోపియా నుంచి దిగిన పై తరగతి జనం అన్నాడు. 1930లో సెలిగ్‌మన్, ఆఫ్రికాలో నాగరికత అంటూ ఉంటే అది హామిట్లదే అని తీర్పిచ్చాడు. రువాండాలో హుటు, టుట్సీ ఇద్దరిదీ ఒకే భాష కిన్యరువాండా, గోత్రాలు కూడా కలుస్తాయి. 1930లలో బెల్జియం పాలకులు గుర్తింపు కార్డు మీద ఒక్కొక్కరికీ ఒక్క పేరు అచ్చేసి బిగించేశారు. మొదట ఆ కథ టుట్సీలకి పెద్దరికం ఇచ్చింది. 1992లో హుటు రాజకీయ నాయకుడు లియోన్ ముగెసెరా అదే కథని తిప్పి, వాళ్లని నది దారిన ఇథియోపియాకి పంపేస్తామని సభలో అన్నాడు. 1994 టుట్సీల నరమేధంలో రోడ్డు మీద ఆపి ముందు చూసింది ఆ కార్డునే. ముక్కు ఆ తర్వాతే, భాష అసలే కాదు.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ఫూలే, తర్వాత ద్రావిడ ఉద్యమం ఇదే సిద్ధాంతాన్ని తలకిందులు చేసి వాడుకున్నారు. శాస్త్రంగా అది నిలవదు. అంతమాత్రాన నాజీలతో జతకట్టి చెప్పడం దుర్మార్గం. కింద పడ్డవాడు లేవడానికి పట్టుకున్న కర్రనీ, పైవాడు కొట్టడానికి ఎత్తిన కర్రనీ ఒకే గాటన కట్టకూడదు.

చివరిగా డీఎన్ఏ, ఎందుకంటే ఇవాళ ఫోన్లలో తిరిగేది ఇదే. వలస జరిగిందా? క్రీ.పూ. రెండో సహస్రాబ్ది మొదటి సగంలో యూరేషియా స్టెప్ గడ్డి మైదానాల వైపు నుంచి జనం వచ్చి ఇక్కడివాళ్లతో కలిశారని 2019లో అచ్చయిన ప్రాచీన డీఎన్ఏ పరిశోధన చెబుతోంది. రేస్ సిద్ధాంతం తప్పు కాబట్టి వలసే అబద్ధం అనేవాళ్లు ఒక గోతిలో, వలస నిజం కాబట్టి రేస్ నిజం అనేవాళ్లు ఇంకో గోతిలో పడుతున్నారు. 2009లో హైదరాబాద్ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ వాళ్లతో కలిసి 25 సమూహాల్ని పరీక్షించారు. మాల, మాదిగ, వెలమ, వైశ్య నమూనాలు కూడా అందులో ఉన్నాయి. రెండు ప్రాచీన మూలాలు కనబడితే ఆర్య, ద్రావిడ అని పేరు పెట్టలేదు. ప్రాచీన ఉత్తర భారతీయ, ప్రాచీన దక్షిణ భారతీయ పూర్వీకులు అన్నారు. దేశంలో ఎక్కువ సమూహాల్లో మొదటిదాని వాటా 39 నుంచి 71 శాతం మధ్య ఉంది. పైనున్నవాడిలోనూ రెండూ ఉన్నాయి, కిందున్నవాడిలోనూ రెండూ ఉన్నాయి.

మీకెవరైనా 'నాది ఆర్1ఏ, ఆర్య జన్యువు' అని రిపోర్టు చూపిస్తే, అది వై క్రోమోజోము గుర్తు అని చెప్పండి. తండ్రి, తండ్రి తండ్రి, ఆయన తండ్రి, ఆ ఒక్క గీతే అందులో ఉంటుంది. పది తరాల వెనక లెక్క ప్రకారం 1024 మంది పూర్వీకులుంటే, ఆ రిపోర్టు మాట్లాడేది అందులో ఒకరి గురించి. మిగతా 1023 మంది ఎవరో అది చెప్పదు. అదే ఆర్1ఏ, 2003లో వచ్చిన ఒక పరిశోధనలో, మన నల్లమల చెంచు పురుషుల్లో సుమారు నాలుగోవంతు మందిలో కనిపించింది.

ప్రశ్నలుంటే అడగండి.